వాన కడిగిన క్యాబేజీ

నీళ్ళ ప్లాంటు, ఫిల్టరు గది
జూన్ 18

అక్కకి,

ఫోనులో మనిద్దరికీ కుదరదని తేలిపోయింది. నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. ఉత్తరాన్ని మధ్యలో పెట్టెయ్యలేవు. చించెయ్యాలి, చించే ముందు ఒక్కసారైనా చదువుతావు. అందుకే రాస్తున్నాను.

ఇక్కడ మొదటి వాన పడి నాలుగు రోజులైంది. నా పని నీకు తెలుసుగా. వాగు నీళ్ళు ముందు మా పెద్ద తొట్టిలోకి వచ్చి ఆగుతాయి, బురద అడుగుకి దిగుతుంది, పైన తేరిన నీళ్ళు ఇసుక ఫిల్టర్లలోకి, అక్కణ్ణుంచి ఊరి కుళాయిల్లోకి పోతాయి. ఆ తొట్టి అడుగు ఎత్తిపోయడం పదేళ్ళుగా నా వంతు. ఎప్పుడూ చీలమండ దాకా ఉండే బురద ఈసారి మోకాళ్ళు దాటింది. పైన సబ్బునురగలాంటి తెట్టు, అందులో పొట్టలు పైకి తిరిగిన కప్పలు. పార ఎత్తినప్పుడల్లా ఒకటి జారి నా బూటు మీద పడుతోంది. కుళ్ళు వాసనయితే నేను పట్టించుకోను, పదేళ్ళుగా అదే నా అత్తరు. ఇది కుళ్ళు కాదక్కా. తియ్యగా, మంటగా, గొంతు వెనకాల అతుక్కుపోయే వాసన. ఇంటికెళ్ళి మూడుసార్లు స్నానం చేశాను. పోసుకునేది కూడా ఆ నీళ్ళేగా అని మూడోసారి గుర్తొచ్చింది.

మా ఇంజనీరుకి చెబితే, "బ్లీచింగు రెండింతలు వెయ్యవయ్యా" అన్నాడు. ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం. పరీక్షలు చేసే ఆవిడ మాత్రం, మేమంతా ల్యాబమ్మ అంటాం, నాలుగు సీసాలు పట్టుకెళ్ళి చూసింది. అది ఆకుపురుగు మందట. బ్లీచింగుకి పోదట, ఇసుకలో ఆగేది కొంతేనట. "మందు మట్టిని కరుచుకుని వస్తుంది. మట్టి ఎంత దూరం పోతే అదీ అంత దూరం పోతుంది. పైన ఎక్కడో ఎవరి చేనో కోసుకుపోతోంది" అంది.

నీ మేనకోడలికి ఎనిమిదో నెల. దాని సీసాలో పాలపొడి ఈ నీళ్ళతోనే కలిపాం, మొన్నటిదాకా. ఇప్పుడు మీ మరదలు కొట్లోంచి డబ్బా నీళ్ళు మోసుకొస్తోంది. వీధిలోవాళ్ళు ఆపి మరీ అడుగుతున్నారు, "మీ ఆయన చేసేది నీళ్ళ ప్లాంటులోనేగా?" అని. ఆవిడ తలొంచుకుని వచ్చేస్తోంది. మరి డబ్బా కొనే స్తోమత లేనివాళ్ళ మాటేమిటి? మా వీధిలో అలాంటి ఇళ్ళే ఎక్కువ.

వాగు వెంట సేద్యం చేసేవాళ్ళందరూ నీకు తెలుసు. ఎవరు ఇలా కుమ్మరిస్తున్నారో కనుక్కుని రాయి. నీకంటే శుభ్రమైన మనిషిని నేనెక్కడా చూడలేదు. ఈ రోత ఏమిటో నీకయితేనే అర్థమవుతుంది.

తమ్ముడు


వాలు చేను
జూన్ 27

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం అన్నం తింటూ విప్పాను. కప్పల దాకా వచ్చి కంచం పక్కన పెట్టేశాను. బుద్ధుందా నీకు? ఉత్తరాల్లో ఎవడైనా అలాంటివి రాస్తాడా?

ఇక్కడ నా బాధ వేరే. మీ బావ లారీ ఎక్కి రెండు నెలలు, సేద్యమంతా నా నెత్తినే. ఈ ఏడు పురుగు కూడా వానతో పోటీ పడి వచ్చింది. క్యాబేజీ ఆకు విప్పితే మెత్తగా, పచ్చగా వేలికి అంటుకుంటుంది. ఛీ, రాస్తుంటేనే లేచి చెయ్యి కడుక్కోవాలనిపిస్తోంది. కడుక్కునే వచ్చాను. మందు కొట్టక ఏం చెయ్యమంటావు? అందరూ కొడతారు, నేనూ కొడతాను.

కుమ్మరించేది ఎవరని కదూ అడిగావు? వెతకనక్కర్లేదు. నా చేనుకి కింద, వాగు ఒడ్డున దగ్గు మామ ఉన్నాడు. చుట్టరికం ఏమీ లేదు, వరస కలిపి పిలుస్తాం, పొద్దస్తమానం దగ్గుతూ ఉంటాడని ఆ పేరు. వాకిలి నిండా ఖాళీ డబ్బాలు. గట్ల మీద నడుం లోతు గడ్డి, అందులో ఎలుకలు, ఎలుకల కోసం పాములు. ఆ చేను పక్కనుంచి నడవాలంటేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది. ఆరేళ్ళయింది వాళ్ళ గుమ్మం తొక్కి. రాసుకో, ఆయనే.

నా చేను వచ్చి చూడు, అద్దంలా ఉంటుంది. కిందటేడు అడ్డగట్లన్నీ తీయించి పారేశాను. ఒక్క గడ్డిపరక లేదు. ట్రాక్టరు పైనుంచి కిందికి ఆగకుండా దిగిపోతుంది. పాపిడి తీసినట్టుంటాయి చాళ్ళు. ట్రాక్టరతనే అన్నాడు, "అమ్మా, ఈ కొండ మొత్తం మీద మీ చేనంత నీటైన చేను లేదు" అని.

మంగళవారం పాల వ్యానులో అరడజను క్యాబేజీలు పంపాను. ఒక్క మచ్చ చూపించు, చెవి కోసుకుంటాను. పిల్లకి గుజ్జు చేసి పెట్టమను మీ ఆవిణ్ణి. కడగక్కర్లేదు, అంత శుభ్రంగా ఉన్నాయి.

అక్క


నీళ్ళ ప్లాంటు
జూలై 20

అక్కకి,

నువ్వు చెప్పినట్టే దగ్గు మామ చేనుకి వెళ్ళాం. ఇంజనీరు, ల్యాబమ్మ, సీసాలు మోస్తూ నేను. ఎండగా ఉంది, వాగు సన్నగా పారుతోంది. నువ్వు రాసినదానికంటే అన్యాయంగా ఉంది ఆ వాకిలి. మురుగుగుంట, దాని మీద దోమల గుంపు, పక్కనే పళ్ళు తోముకున్న నీళ్ళ మడుగు. నాకు నీ ఉత్తరమే గుర్తొచ్చింది, ఇలాంటి మనిషి కాక ఇంకెవరు చేస్తారు అనుకున్నాను.

ల్యాబమ్మ ఆయన పైగట్టు గడ్డి మొదళ్ళలో ఆగిన బురద తీసింది. అందులో మందు దట్టంగా ఉందని మర్నాడు తేలింది. ఇంజనీరు అది తేలేదాకా ఆగలేదు, అక్కడే అరవడం మొదలుపెట్టాడు. ఊరంతటికీ విషం పెడుతున్నావు, వాగు నీళ్ళు ఆపేయిస్తాను, నీ పంట బజారుకి రాకుండా చేస్తాను అని. మామ దగ్గు ఆగాక ఒక్కటే అన్నాడు.

"ఎండలో వస్తే ఏం కనిపిస్తుంది బాబూ? వాన పడుతున్నప్పుడు రండి."

ఆయన్ని తిడుతుంటే నాకు హాయిగా ఉందక్కా. దాచడమెందుకు? నా కూతురి పాలసీసా గుర్తొచ్చి, ఇంకో రెండు తిట్లు తిడితే బాగుండుననుకున్నాను.

రిపోర్టులో ఆయన పేరే రాశారు. కానీ ఇంటికొచ్చాక నాకొక అనుమానం పట్టుకుంది. ఆయన వేసింది బీన్సు. తొట్టిలో దొరికిన మందు క్యాబేజీ పురుగుకి కొట్టేదట. బీన్సుకి దాన్ని ఎందుకు కొడతాడు? గట్టు గడ్డిలోకి అంత బురద ఆయన చేలోంచే వస్తే, అది గట్టుకి పైవేపున ఎందుకు పేరుకుంటుంది?

నువ్వు వాడే మందు డబ్బా మీద పేరు చూసి రాసి పంపు. నీ మీద అనుమానంతో కాదు. తేల్చుకుందామని.

తమ్ముడు


వాలు చేను
ఆగస్టు 2

తమ్ముడికి,

డబ్బా మీద పేరు అడుగుతావా నన్ను? నీ చీమిడి ముక్కు తుడిచి, గోళ్ళలో మట్టి పుల్లతో తీసి, బడికి పంపింది నేను. నీ లాగు వారానికి రెండుసార్లు ఉతకాలని పంతం పట్టి ఉతికింది నేను. ఆ మురికి మనిషిని వదిలేసి నా దగ్గరికొచ్చి సోదా చేస్తావా? పోలీసులో చేరాల్సింది, నీళ్ళ ప్లాంటులో ఎందుకు చేరావు?

మందు అందరిదీ ఒకటే, షాపులో ఉన్నది ఒకటే రకం. పేరు రాస్తే ఏమవుతుంది? రాయను.

ఒకటి చెబుతాను విను. ఈ కొండ మీద నాలా జాగ్రత్తగా మందు కొట్టేవాళ్ళు లేరు. మిగతావాళ్ళు ఎండ చూసుకుని కొడతారు. అది ఆకు మీద ఎండి, తెల్లగా పెచ్చులు కడుతుంది. బజారుకి అలాగే పంపుతారు సిగ్గు లేకుండా. ఆ తెల్లమరకలు చూస్తే నాకు ఓకరింత. మనిషి నోట్లోకి పోయేది కదా! అందుకని నేను రేడియోలో రేపు వాన అని చెప్పగానే ఇవాళ సాయంత్రం స్ప్రేయరు భుజానికి తగిలిస్తాను. పురుగు రాత్రికి చస్తుంది, పొద్దున్న వాన చచ్చిన పురుగునీ మందునీ కలిపి కడిగేస్తుంది. సగం కడుక్కుపోతుందని తెలుసు కనుక కొలత కూడా రెండింతలు కలుపుతాను, లోపం చెయ్యను. ఆ తరవాత నా క్యాబేజీ చూడు, అప్పుడే స్నానం చేయించిన పిల్లలా ఉంటుంది. బేరగాడు నా గంపలు తడిమి కూడా చూడడు, ఎత్తేసుకుంటాడు. రెండేళ్ళుగా ఇదే పద్ధతి. నీ కూతురికి అలాంటివి ఏరి పంపుతుంటే, నువ్వు నాకిచ్చే మర్యాద ఇదా?

వాగులో విషముంటే దానికి వాగుని అడుగు, వానని అడుగు. నేను నా చేలో ఉన్నాను.

అక్క


నీళ్ళ ప్లాంటు, తొట్టి గట్టు మీద కూర్చుని
ఆగస్టు 14

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎక్కడా నువ్వు అబద్ధం రాయలేదు. అబద్ధమయితే బాగుండుననిపించింది.

వాన కడిగేస్తుందన్నావు. కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయక్కా?

నీకు చెప్పనిది ఒకటుంది. జూలై ఆఖరి ఆదివారం పొద్దున్న పెద్దవాన పడింది, గుర్తుందా? ఆ వానలో నేను నీ చేను కింద ఉన్నాను. మామ వాన పడేటప్పుడు రమ్మన్నాడుగా, ఆ మాట పురుగులా తొలుస్తుంటే ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాను. ఆయన నాకొక గోనెసంచి ఇచ్చాడు తలమీద కప్పుకోమని. ఇద్దరం ఆయన పైగట్టు మీద నిలబడ్డాం.

పాపిడి తీసినట్టున్నాయన్నావే, ఆ చాళ్ళు ఒక్కొక్కటీ ఒక కాలువయింది. ఆపడానికి అడ్డగట్టు లేదు, గడ్డిపరక లేదు. చిక్కటి టీ రంగు నీళ్ళు, నీ మట్టినంతా గీరుకుంటూ పరిగెత్తుకొచ్చాయి. పైన నురగ. అదే తియ్యని మంట వాసన. చచ్చిన పచ్చపురుగులు నురగలో కొట్టుకొచ్చి మామ గడ్డికి తట్టుకుని ఆగుతున్నాయి. నువ్వు అసహ్యించుకున్న ఆ గడ్డే సగం బురదని పట్టుకుంది. మేం ఆయన నేరం కింద రాసిన బురద అది. వాగులోకి దిగే బండిదారి దగ్గర గడ్డి లేదు. అక్కడ మిగతా సగం జలజలా వాగులో పడిపోయింది. వాగులోంచి మా తొట్టిలోకి, తొట్టిలోంచి కుళాయిలోకి, కుళాయిలోంచి నా కూతురి సీసాలోకి. రెండేళ్ళని రాశావు. మీ మరదలు కడుపుతో ఉన్నప్పుడు కూడా అన్నమాట.

మామ నా పక్కన నిలబడి దగ్గాడు.

అక్కణ్ణుంచి నీ వంటింటి కిటికీ కనిపిస్తోంది. పొయ్యి మీంచి పొగ లేస్తోంది. పిలిస్తే పలికేంత దూరం. అయినా పైకి రాలేదు. వస్తే టీ పెడతావు, నేను తాగాలి. నీకేం, నీ బోరు చేనుకి పైనుంది. నీ నీళ్ళు తేటగానే ఉంటాయి. బస్సు స్టాపు దాకా నడిచొచ్చి దాని వెనకాల వాంతి చేసుకున్నాను. నువ్వు అన్నం తింటూ చదవకపోతే బాగుండు.

అప్పుడు కూడా, మందు ఎవరైనా కొట్టేదేగా, వాన టైము కలిసొచ్చి ఉంటుంది, మా అక్క తెలిసి చెయ్యదు అనుకున్నాను. ఇప్పుడు నీ చేతి రాతతోనే చూశాను. వాన కోసం కాచుకుని కొడుతున్నావు. అదీ రెండింతలు. అదీ శుభ్రం కోసం. ఛీ అక్కా. పురుగంటే నీకు రోత, గడ్డంటే రోత, మరకంటే రోత. నీకు రోత పుట్టించినవన్నీ కట్టగట్టి మా గొంతులోకి తోసి, నువ్వు చేతులు కడుక్కుని కూర్చున్నావు.

ఇక్కడ ఇంకా ఎవరికీ చెప్పలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారుగా, అలా ఉంది నా పని. రిపోర్టు మీద పెద్దాఫీసులో సంతకం ఈ నెలాఖరు సోమవారం. సంతకమయితే మామకి వాగు నీళ్ళు ఆగిపోతాయి, ఆయన బీన్సు ఎవరూ కొనరు. డెబ్భై దాటిన మనిషి. మందు మాత్రం ఆగదు, నువ్వు వచ్చే వానకి మళ్ళీ కొడతావు. నేను నోరు మూసుకుంటే మా అక్క పేరు బయటికి రాదు. రెండు వారాలు మూసుకున్నాను కూడా. నా మొహం అద్దంలో చూసుకోవాలంటే తొట్టి అడుగు చూసినట్టే ఉంది.

సోమవారం దాకా ఆగుతాను. నువ్వు చెబితే నువ్వు చెప్పినట్టు. చెప్పకపోతే నేను చెబుతాను, ఆ తరవాత మనకి ఉత్తరాలు కూడా ఉండవేమో.

తమ్ముడు


వాలు చేను
ఆగస్టు 26

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ముందు నిన్ను తిట్టాను. పైకే తిట్టాను, ఇంట్లో ఎవరూ లేరుగా. మట్టి అందరిదీ పోతుంది, వాన అందరి మీదా పడుతుంది, నా ఒక్కదాని పీకలమీదికి వచ్చాడు వీడు అనుకున్నాను. రెండ్రోజులు అలాగే గడిచాయి. మూడో రోజు రేడియోలో రేపు వాన అన్నారు. నా చెయ్యి దానంతటదే స్ప్రేయరు మీదికి పోయింది. తగిలించుకున్నాను కూడా. మందు కలుపుదామని మూత తీస్తే, నువ్వు రాసిన వాసన వచ్చింది. తియ్యగా, మంటగా. ఇన్నాళ్ళూ అది నాకు శుభ్రం వాసన. ఆవేళ మొదటిసారి ముక్కు మూసుకున్నాను. దించి కింద పెట్టేశాను.

మర్నాడు వాన మొదలవగానే చేలోకి దిగాను. వానలో ఎప్పుడూ దిగలేదు, కాళ్ళకి బురదవుతుందని. మందు కొట్టలేదు కదా, నీళ్ళు బాగానే ఉంటాయనుకున్నాను. ఎక్కడ బాగుంటాయి? కిందటిసారి కొట్టింది మట్టిలోనే కూర్చుని ఉంది. చాళ్ళ వెంబడి నీళ్ళు ఎటు పోతే అటు నడిచాను. నా క్యాబేజీ వేళ్ళు బయటపడి తెల్లగా వేలాడుతున్నాయి, వాటి కింద మట్టి లేదు. పైనుంచి చూస్తే ఎంత నీటుగా ఉంటుందో నా చేను, కిందనుంచి చూస్తే పుండు మీద చర్మం లేచినట్టుంది. బండిదారి దగ్గర జారి పడ్డాను. మోచేతుల దాకా ఆ బురద. అందులో ఒక బొమ్మిడాయి చేపపిల్ల, ఇంకా కొట్టుకుంటోంది. దాన్ని తీసి వాగులో వేశాను, వేశాక తెలిసింది ఆ వాగు నీళ్ళకి తట్టుకోలేకే ఒడ్డుకెక్కిందని. నాకు ఏడుపొచ్చిందిరా. అసహ్యంతో ఏడవడం ఉంటుందని ఇప్పుడే తెలిసింది.

ఆ బురద కాళ్ళతోనే మామ ఇంటికి వెళ్ళాను. ఆయన వాకిట్లో బీన్సు ఏరుతున్నాడు. చెప్పాను. "మామా, ఆ మందు నాది, ఆ మట్టి నాది, మీ పేరు చెప్పింది కూడా నేనే" అన్నాను.

"తెలుసు" అన్నాడు.

"తెలిసీ ఎందుకు చెప్పలేదు వాళ్ళకి?"

"చెప్పాగా, వానలో రమ్మని. మీ తమ్ముడొక్కడే వచ్చాడు." కాసేపు దగ్గి, "నీకే చెబుదామనుకున్నాను రెండేళ్ళుగా. గట్టు దాటి ఎప్పుడైనా ఇటొస్తావేమోనని చూశాను. నీకు మా వాకిలంటే పడదుగా" అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నేను కూడా ఏదో ఒకటి అనేసి లేచొచ్చేదాన్ని.

"ఇక్కడ చెప్పావు, బాగుంది. అక్కడ కూడా చెప్పు" అన్నాడు.

ఇంతలో అత్త లోపల్నుంచి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. ఇంటికొచ్చిన మనిషికి ఇస్తారుగా, ఎవరైనా. తీసుకున్నాను. నోటి దాకా తెచ్చుకుని, "ఏ నీళ్ళత్తా?" అని అడిగాను. "బావివేనమ్మా, మాకింకేమున్నాయి" అంది. బావి ఎక్కడుందో తల తిప్పితే కనిపిస్తోంది. నా చేను కింద, ఆ గడ్డి గట్టుకి రెండు బారల దూరంలో.

తాగలేకపోయాను తమ్ముడూ. తాగాలనే అనుకున్నాను, తాగడం న్యాయమని కూడా అనుకున్నాను. గ్లాసు అలాగే పట్టుకుని కూర్చున్నాను. వాళ్ళిద్దరూ చూస్తున్నారు. అత్త ఏమనుకుందో, "గ్లాసు కడిగిందేనమ్మా" అంది. అప్పుడావిడ నా చేతిలోంచి గ్లాసు తీసుకుని, మంచినీళ్ళు పారబొయ్యడమెందుకని, నా ఎదుటే గడగడా తాగేసింది.

అడ్డుపడాల్సింది. చేతులు లేవలేదు.

సోమవారం మొదటి బస్సుకి వస్తున్నాను. మందు డబ్బా తెస్తున్నాను, వాళ్ళ బావి నీళ్ళు ఒక సీసా తెస్తున్నాను, ల్యాబమ్మని ముందు అది చూడమను. నేను వచ్చేదాకా సంతకం పెట్టనివ్వకు. రిపోర్టులో ఆ పేరు కొట్టేసి నా పేరు రాయమను.

అక్క